ఆమె తరఫున

శ్యాంసన్ చొక్కాలు ఒకసారి జాడిస్తే సరిపోవు. మొదటి బకెట్టులో ముంచగానే నీళ్ళు బూడిదరంగుకు తిరుగుతాయి. రెండో బకెట్టులో కాస్త తేటపడతాయి. మూడోసారి కూడా జాడించాలనే ఉంటుంది గానీ, రెండు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే వీధిలో ఒక చొక్కాకు మూడో బకెట్టు ఖర్చుపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆ శుక్రవారం పొద్దున హెప్సిబా రెండో బకెట్టు మీద వంగి ఉండగా శ్యాంసన్ వెనక వచ్చి నిలబడ్డాడు.

"చదువుకోమన్నా గానీ, ఊళ్ళో ఆడోళ్ళనంతా పోగెయ్యమన్నానా?" అన్నాడు.

గొంతు పెంచలేదు. అతను గొంతు పెంచే మనిషి కాదు. పలకల ఫ్యాక్టరీలో సూపర్వైజరు పని అతనికి నేర్పింది అదే. మాట తగ్గించి చెబితే ఎదుటివాళ్ళే దగ్గరకొచ్చి చెవి పెడతారు. హెప్సిబా చొక్కా పిండి దండెం మీద వేసింది. ఆరేళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్నదీ ఒకటుంది. అతను అడిగే ప్రశ్నల్లో సగం జవాబు కోసం అడిగినవి కావు.

ఆమె పుట్టిల్లు యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఉన్న పల్లె. నాయన యోసేపు కూలిపనులు చేస్తూనే ఆమెను డిగ్రీ దాకా చదివించాడు. పెళ్ళయి మార్కాపురం వచ్చాక నాలుగేళ్ళకు, కూతురు ఫెబీకి పాలు మాన్పించాక, సోషల్ వర్క్ పీజీలో చేరతానని అడిగింది. శ్యాంసన్ ఒప్పుకున్నాడు. అతను ఒప్పుకున్నది చదువుకు కాదనీ, ఆ చదువు తర్వాత వస్తుందని ఎవరో చెప్పిన ఉద్యోగానికనీ ఆమెకు తెలుసు. అయినా ఒప్పుకున్నాడు గదా అని, ఆ ఒప్పుకోలుకు బదులుగా ఇంటిపనిలో ఒక్క గిన్నె కూడా తగ్గించుకోలేదు. నాలుగున్నరకు లేచేది. తొమ్మిదికల్లా వంట, బట్టలు, బిడ్డ స్నానం, అత్తకు టిఫిను, మొగుడికి క్యారేజీ అన్నీ ముగించి, తడి చేతులతోనే పుస్తకాల సంచి తగిలించుకునేది. అత్త సామ్రాజ్యం చర్చిలో అందరితో "మా వాడు కోడలిని చదివిస్తున్నాడు" అని చెప్పుకునేది. చదివేది హెప్సిబా. ఆ మాటలో మాత్రం పనంతా చేసేది శ్యాంసన్.

ఈ సెమిస్టరులో కమ్యూనిటీ ఆర్గనైజేషన్, అడ్వొకసీ అని ఒక పేపరు ఉంది. జనాన్ని కూడగట్టడం, వాళ్ళ హక్కు కోసం వాళ్ళతో నిలబడటం. పుస్తకం చదివి రాస్తే సగం మార్కులే. మిగతా సగానికి ఏదో ఒక చోట జనంతో కలిసి, వాళ్ళ సమస్య ఒకదాన్ని పట్టుకుని పని చేసి చూపించాలి. ఆ పేపరు చెప్పే నిలోఫర్ మేడం ఈ సంగతి చెప్పిన రోజునే హెప్సిబాకు మల్లయ్య పలకల ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. శ్యాంసన్ పని చేసేది అక్కడే. రాతి పొరలు విడదీసి, సైజుల వారీగా పలకలు ఏరి పేర్చే ఆడవాళ్ళు అక్కడ ముప్పై మంది ఉన్నారు. మరుగుదొడ్డి లేదు. ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీ వెనక కంపచెట్ల చాటుకు పోయేవాళ్ళు. మొన్న ఎండాకాలంలో ఆ కంపంతా కొట్టేసి, రంగురాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. అప్పటి నుంచి ఆ ఆడవాళ్ళు పొద్దున ఎనిమిదింటికి లోపలికి పోతే సాయంత్రం ఆరు దాకా చుక్క నీళ్ళు తాగరు.

రెండు నెలల పాటు హెప్సిబా ప్రతి ఆదివారం ప్రార్థన అయిపోయాక, చర్చి ఉన్న వీధిలోనే ఉండే గురవమ్మ పంచలో వాళ్ళతో కూర్చుంది. గురవమ్మది ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళ పని. ముందు యజమాని మల్లయ్యనే అడుగుదామన్నారు. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ చూద్దామన్నాడు. దాంతో సోమవారం సబ్ కలెక్టరు ఆఫీసులో అర్జీ ఇద్దామని అనుకున్నారు. అర్జీ హెప్సిబా రాసింది. ముప్పై మంది సంతకాలో వేలిముద్రలో పెట్టారు. ఆ సంగతి గురువారం మల్లయ్య చెవిన పడింది. ఇంటి ఆడదాన్ని సర్దుకోలేనివాడివి ముప్పై మందిని ఏం చూస్తావని నలుగురి ముందూ శ్యాంసన్‌ను అన్నాడట. బకెట్టు దగ్గర మాట అక్కడి నుంచి వచ్చింది.

ఆ రోజు అతను క్యారేజీ తీసుకోకుండా పోయాడు.

శనివారం కాలేజీలో నిలోఫర్ మేడం ఆమెను స్టాఫ్ రూముకు పిలిచి, తలుపు దగ్గరకు వేసి, బల్ల మీద ఒక కాగితం పెట్టింది. కుటుంబ కారణాల వల్ల చదువు మానుకుంటున్నాననీ, ఫీల్డ్ వర్కులో భాగంగా తీసుకున్న సంతకాలతో తనకిక సంబంధం లేదనీ అందులో రాసి ఉంది. కింద, జి. హెప్సిబా అని సంతకం.

"ఇది మీరు రాసిందేనా?" అని అడిగింది మేడం.

డిగ్రీ కాగితాల్లో పుట్టింటి పేరు ఉంది కాబట్టి కాలేజీలో ఆమె ఎప్పుడూ కె. హెప్సిబా అనే రాస్తుంది. జి అనేది శ్యాంసన్ ఇంటిపేరు. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. తొందరపడి చేసిన సంతకం కాదు. ఎన్నోసార్లు చేసి అలవాటైన చేయి. గ్యాసు ఫారం మీద, బ్యాంకులో, ఫెబీని బడిలో చేర్చిన కాగితాల మీద అతనే ఆమె సంతకం చేసేవాడు. నువ్వెందుకు ఈ ఎండలో, నేను గీకేస్తాలే అనేవాడు. ఒక క్యూ తప్పింది గదా అని ఆమె సంతోషపడేది కూడా. ఫెబీ కడుపులో ఉన్నప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ నొప్పి ఎక్కడమ్మా అని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే అతను నడుములో అని చెప్పాడు. నొప్పి నడుములో కాదు, పొత్తికడుపులో. ఆ రోజు ఆమె దిద్దలేదు. డాక్టరమ్మ నడుము నొప్పికి మందు రాసింది, అతను కొనుక్కొచ్చాడు, ఆమె వేసుకుంది. అదంతా ఇప్పుడు, ఈ బల్ల ముందు నిలబడ్డప్పుడు ఎందుకు గుర్తొస్తున్నదో ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళూ తన నొప్పి ఎక్కడో కూడా అతనే చెప్పాడు. తను చెప్పనిచ్చింది.

"నాది కాదు మేడం," అన్నది.

ఎవరు రాశారని మేడం అడగలేదు. అడగకపోవడంలో మర్యాద ఉంది, తెలిసిపోయిందన్న సూచనా ఉంది. మీది కాదని ఒక్క ముక్క రాసివ్వండి, లేకపోతే ఆఫీసువాళ్ళు పేరు తీసేస్తారు, గురువారం దాకా నా దగ్గరే ఆపుతాను అన్నది. హెప్సిబా పెన్ను తీసింది. మళ్ళీ మూత పెట్టింది. నాది కాదు అని రాస్తే, మరెవరిది అనే ప్రశ్న ఆ వెనకే వస్తుంది. గురువారం వస్తానని చెప్పి బయటపడింది.

సాయంత్రం అతను వచ్చి ముఖం కడుక్కుంటుంటే అడిగింది. దాచలేదు అతను.

"ఎట్లాగూ మానుకునేదే గదా. నువ్వు పోయి అందరి ముందూ నిలబడి చెప్పే బాధ తప్పించినా," అన్నాడు తువ్వాలు అందుకుంటూ. "నీ మంచికే చేసినా హెప్సీ."

అతని ముఖంలో దొంగతనం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తప్పు చేశానన్న బెరుకు ఉంటే దాంతో కొట్లాడవచ్చు. అతను నిజంగానే ఒక పని తప్పించి పెట్టానని అనుకుంటున్నాడు. మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న సామ్రాజ్యం తల ఎత్తకుండానే అందుకుంది. తనూ ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఏండ్లు కూర్చున్నానని, పగటిపూట ఆ కంప చాటుకు పోలేక నీళ్ళు తాగకుండానే పని చేశామని, ఎవరమూ చావలేదని చెప్పింది. హెప్సిబా అత్త చేతుల వైపు చూసింది. మూడు నెలలకొకసారి మూత్రంలో మంట భరించలేక ఇంజెక్షన్లకు పోతుంది సామ్రాజ్యం. తీసుకుపోయేది హెప్సిబానే. ఆసుపత్రి బెంచీ మీద తన భుజానికి ఆనుకుని మూలిగే మనిషే ఇంట్లో ఈ మాట అనగలుగుతున్నది. మేము పడలేదా అనే మాటలో ఎంత నొప్పిని మడిచి పెట్టొచ్చో అనుకుంటూ పొయ్యి దగ్గరకు పోయింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక గురవమ్మ పంచలోకి అడుగుపెడుతూనే ఏదో జరిగిందని తెలిసింది. ఎప్పుడూ నిండా ఉండే పంచలో పంతొమ్మిది మందే ఉన్నారు. శ్యాంసన్ ఇంటింటికీ పోయి, మా ఆమె అర్జీ వెనక్కి తీసుకున్నది, మీరెందుకు ఇరుక్కుంటారు అని చెప్పాడట. పదకొండు మంది పేర్లు కొట్టేయమన్నారు.

"నేను తీసుకోలేదక్కా," అన్నది హెప్సిబా. "ఆ మాట నాది కాదు."

"అది నాకు తెలుసు," అన్నది గురవమ్మ. "ఈ కాగితంలో మాట మాది కాదు. అది నీకు తెలుసా పాపా?"

ఆమె అర్జీ నకలు తెచ్చి ముందు పెట్టింది. పక్కింటి పిల్లతో చదివించుకున్నారట. మూత్ర సంబంధ వ్యాధులతో బాధపడుతున్నాము అని హెప్సిబా రాసిన వాక్యం దగ్గర గురవమ్మ వేలు ఆగింది. ఆ పక్కన కూర్చున్న అలివేలమ్మ తల దించుకుంది. ఆమె కూతురూ అక్కడే పలకలు పేరుస్తుంది, సంబంధాలు చూస్తున్నారు. ఈ జబ్బున్న పిల్లని ఊళ్ళో పేరు పడితే ఎవరు చేసుకుంటారని రెండు రోజులుగా ఇంట్లో గొడవ. పేర్లు కొట్టేయించుకున్న పదకొండు మందిలో సగం మంది శ్యాంసన్ మాట విని కాదు, ఆ వాక్యం విని తప్పుకున్నారు.

ఆ వాక్యం రాసిన రోజు హెప్సిబాకు బాగా గుర్తుంది. ఇంగ్లీషు పుస్తకంలో నుంచి తీసి, తెలుగులో పెట్టి, ఎంత బాగా కుదిరిందో అని రెండుసార్లు చదువుకుంది. వీళ్ళకు ఒక్కసారి కూడా చదివి వినిపించలేదు. పొద్దుపోతున్నది, ఇంటికి పోయి వంట చేయాలి, అందుకని సంతకాల కాగితం మాత్రమే తిప్పింది. వీళ్ళకెందుకు ఈ శ్రమ, నేను రాసేస్తాను అనుకుంది. నిన్న తువ్వాలు అందుకుంటూ అతను చెప్పిన మాటకూ దీనికీ ఎంత తేడా ఉందని వెతుక్కుంది. ఉంది, కొంత ఉంది. కానీ సిగ్గుపడకుండా నిలబడగలిగేంత లేదు.

తప్పు చేశానని చెప్పింది. ఏడ్వకుండా చెప్పడానికి చాలా కష్టపడింది. రేపు తను రాలేకపోవచ్చని కూడా చెప్పింది, ఇంట్లో పరిస్థితి అట్లా ఉందని.

"నువ్వు రాకపోతే ఆగిపోతామా?" అన్నది గురవమ్మ, మామూలుగా. "పోయేది మేము. నీకు రావాలనుంటే రా. ముందు ఇది మళ్ళా రాయి. మేము చెప్తాం, నువ్వు అదే రాయి."

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు చెప్పారు, ఆమె రాసింది. ఒక్కో మాట రాసి చదివేది. కాదంటే కొట్టేసేది. జబ్బు మాట ఎక్కడా రాలేదు. చోటు లేదు, అందుకని నీళ్ళు తాగం అనే మాట మూడుసార్లు వచ్చింది. మూడుచోట్లా ఉంచమన్నారు. చివరికి పంతొమ్మిది మంది మళ్ళీ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు, అలివేలమ్మ కూడా. వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున శ్యాంసన్ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగాడు. నువ్వు ఈ రోజు ఆ ఆఫీసుకు పోతే నా పని పోద్ది, ఆలోచించుకో అన్నాడు. అది బెదిరింపు కాదు, జరిగే అవకాశం ఉన్న మాటే. అందుకే దాని బరువు ఎక్కువ. అతను పోయిన కాసేపటికి సామ్రాజ్యం చీర మార్చుకుని, కంభం రోడ్డులో ఉన్న చెల్లెలి ఇంటికి పోతున్నానని బయలుదేరింది. ఫెబీకి ఒళ్ళు వెచ్చగా ఉండి బడికి పోలేదని అత్తకు తెలుసు. తను ఇంట్లో లేకపోతే బిడ్డను వదిలి కోడలు కదలలేదనీ తెలుసు. హెప్సిబా పొయ్యి గట్టు తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. పది గంటలకు బిడ్డను ఎత్తుకుని, నీళ్ళ సీసా సంచిలో వేసుకుని తాళం పెట్టింది. ధైర్యం వచ్చిందని కాదు. వెళ్ళకుండా ఆ ఇంట్లో సాయంత్రం దాకా ఎట్లా కూర్చోవాలో తెలియలేదు.

ఆఫీసు వరండాలో పంతొమ్మిది మందిలో పదహారు మంది కనిపించారు. పనిలోకి పోకుండా వచ్చారు. హాల్లో వాళ్ళ వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. గురవమ్మ కాగితం అధికారి ముందు పెట్టి, చదవకుండానే చెప్పింది.

"పొద్దున ఎనిమిదికి పోతాం సార్, ఆరుకొస్తాం. మధ్యలో ఒంటేలుకు పోయేదానికి చోటు లేదు. అందుకని నీళ్ళు తాగం. ఎండాకాలం గూడా తాగం. మాకు చోటు కావాల."

అధికారి వయసులో చిన్నవాడు. కాగితం ముందుకు లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. అప్పుడే మల్లయ్య హాల్లోకి వచ్చాడు, వెనక శ్యాంసన్. మల్లయ్య నమస్కారం పెట్టి, వీళ్ళంతా మా పిల్లలే సార్, ఒక కాలేజీ అమ్మాయి మార్కుల కోసం రెచ్చగొట్టింది, ఆ అమ్మాయి కూడా తప్పు తెలుసుకుని చదువు మానేస్తున్నానని, ఈ సంతకాలతో సంబంధం లేదని కాలేజీకి రాసిచ్చింది అన్నాడు. ఆ అమ్మాయి ఎవరని అధికారి అడిగాడు. మల్లయ్య చేయి చూపించాడు.

పదహారు ముఖాలు ఆమె వైపు తిరిగాయి. భుజం మీద ఫెబీ ఊపిరి వెచ్చగా తగులుతున్నది. శ్యాంసన్ కూడా చూస్తున్నాడు. ఆ చూపులో ఆజ్ఞ లేదు, వేడుకోలు ఉంది. ఇన్నేళ్ళలో అతను ఆమెను ఏదైనా వేడుకోవడం అదే మొదలు.

"నేను రాయలేదు సార్," అన్నది హెప్సిబా.

"మరి ఎవరు రాశారు?"

ఆమె ఫెబీని రెండో భుజం మీదికి మార్చుకుంది. పేరు చెప్పలేదు. అధికారి ఒకసారి శ్యాంసన్ వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, అది ఇక్కడి విషయం కాదులే, చోటు ఉందా లేదా అది చెప్పండి అని మల్లయ్య వైపు తిరిగాడు. మల్లయ్య కట్టిద్దామనే అనుకుంటున్నామన్నాడు. ఎప్పుడు అని అధికారి అడిగాడు. ఆ ప్రశ్నకు చూద్దాం అనే జవాబు అక్కడ చెల్లలేదు.

బుధవారం తనిఖీకి మనుషులు వచ్చారు. మరునాడు పొద్దున్నే ఫ్యాక్టరీ గోడ పక్కన ఇటుకల ట్రాక్టరు ఆగిందని గురవమ్మ కబురు పంపింది. ఆమెను మాత్రం పలకలు ఏరే పని నుంచి తీసి రాయి మోసే పనిలో వేశారు. దాని సంగతి వచ్చే ఆదివారం చూద్దామన్నదట. శ్యాంసన్ పని పోలేదు. మల్లయ్య అతనితో నేరుగా మాట్లాడటం మానేశాడు, అంతే. ఆ మూడు రోజులు శ్యాంసన్ ఇంట్లో మాట్లాడలేదు. గురువారం పొద్దున హెప్సిబా సంచి సర్దుకుంటుంటే వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"నేనే వచ్చి మీ మేడంతో మాట్లాడతా. ఏదో పొరపాటయిందని చెప్పి ఆ కాగితం వెనక్కి తెస్తా. నువ్వేం రాయొద్దు. చదువు నీ ఇష్టం," అన్నాడు.

సామ్రాజ్యం గబగబా వచ్చి కోడలి చేయి పట్టుకుంది. మగాడు ఇంత దిగొచ్చాక ఇంకా బిగుసుకోవద్దని బతిమాలింది. హెప్సిబాకు ఒప్పుకోవాలనే అనిపించింది. ఎంత తేలిక. అతను లోపలికి పోతాడు, నవ్వుతూ రెండు మాటలు చెబుతాడు, కాగితం చింపేస్తారు. సోమవారం నుంచి ఆమె నోట్లో నిలిచిపోయిన జవాబు అక్కడే అరిగిపోతుంది. ఇల్లు ఎప్పటిలా ఉంటుంది. అతను నిజంగానే దిగొచ్చాడు, అందులో అబద్ధం లేదు. అయితే దిగొచ్చి కూడా మళ్ళీ ఆమె బదులు తనే మాట్లాడతానంటున్నాడు. అతనికి ప్రేమ తెలిసింది ఆ ఒక్క దారిలోనే. ఆ దారిలో నడిస్తే కొన్నాళ్ళకు తన గొంతు ఎట్లా ఉంటుందో తనకే గుర్తుండదు.

బండి మీద ముగ్గురూ వెళ్ళారు. ముందు ఫెబీ కూర్చుంది. కాలేజీ గేటు లోపల వేపచెట్టు కింద బండి ఆపి అతను స్టాండు వేయబోతుంటే ఆమె దిగింది.

"నువ్వు ఈడనే ఉండు. నేను పోయొస్తా," అన్నది.

అతను స్టాండు వేసి, ఫెబీని బండి మీద నుంచి దించాడు.

స్టాఫ్ రూములో నిలోఫర్ మేడం తెల్లకాగితం ఇచ్చింది. ఆ ఉత్తరంలోని సంతకం నాది కాదు, నేను చదువు మానుకోవడం లేదు అని రాసింది హెప్సిబా. మేడం అది చాలు అన్నది. ఆమె కాగితం మీంచి పెన్ను ఎత్తలేదు. కింద ఇంకో వాక్యం రాసింది. నన్ను అడగకుండా నా భర్త శ్యాంసన్ ఆ ఉత్తరం రాసి సంతకం చేశాడు. మేడం ఆ వాక్యం చదివి, ఇది ఫైల్లో ఉండిపోతుంది హెప్సిబా, ఆలోచించుకోండి, అవసరం లేదు నిజానికి అని మెల్లగా చెప్పింది. హెప్సిబా ఆలోచించింది. కోపం కోసం తనలో వెతికింది, పెద్దగా కనిపించలేదు. ఒక రోజు అతను ఈ వాక్యం చదవొచ్చు, చదివితే ఇల్లు ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలియకపోయినా వాక్యాన్ని అట్లానే ఉంచింది. కింద కె. హెప్సిబా అని రాసి, కాగితం మేడం వైపు తిప్పి పెట్టింది.

బయటికి వచ్చేసరికి ఫెబీ రాలిన వేపపండ్లు ఏరి బండి సీటు మీద పేరుస్తున్నది. శ్యాంసన్ లేచి నిలబడ్డాడు.

"ఏం రాసినావు?" అన్నాడు.

"జరిగింది రాసినా," అన్నది ఆమె.